వేడెక్కాక మిణుకుమనే ఎర్ర లైటు: సెన్సర్ మార్చే ముందు ప్రెషర్ కొలిపించండి

ప్రశ్న: మా పెట్రోల్ కారు లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. కొన్ని వారాలుగా, ఓ గంట నడిపాక సిగ్నల్ దగ్గర ఆగితే డాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా మిణుకు మిణుకుమంటోంది. ఎక్సలేటర్ కొంచెం తొక్కితే ఆరిపోతుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అసలు రాదు. డిప్‌స్టిక్ తీసి చూశాను, ఆయిల్ సరిపడా ఉంది. ఒక మెకానిక్ సెన్సర్ పోయింది, మార్చేస్తే చాలన్నారు. ఇంకొకరు చిక్కటి ఆయిల్ పోయించమన్నారు. మూడో ఆయన ఇంజిన్ విప్పాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఆగినప్పుడు ఎక్సలేటర్ మీద కాలు కాస్త ఆనించి ఉంచితే లైటు రావడం లేదు. అలా నడుపుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి. అలా నడపకండి. ఎక్సలేటర్ తొక్కినప్పుడు ఆయిల్ ప్రెషర్ కొంత పెరిగే మాట నిజమే. కానీ లైటు ఆరిందంటే ప్రెషర్ సరిపోయిందని అర్థం కాదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే మిగతా జవాబంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఆ లైటు వెనక ఉన్నది చాలా కార్లలో ఒక సాదా స్విచ్చి. మీ మెకానిక్ సెన్సర్ అన్నది దీన్నే. ఇంజిన్ బ్లాకుకో హెడ్డుకో, తరచుగా ఆయిల్ ఫిల్టర్ దగ్గర్లోనే, బిగించి ఉంటుంది. లోపల ఒక పలచటి పొర, దాని వెనక ఒక స్ప్రింగు. ఆయిల్ ఆ పొరను తోసినంతసేపూ కరెంటు దారి తెగి ఉంటుంది, లైటు వెలగదు. ప్రెషర్ పడిపోతే దారి కలుస్తుంది, లైటు వెలుగుతుంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ లైటు కనిపించేదీ, స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లలో ఆరిపోయేదీ ఇందుకే. సాధారణంగా ఈ స్విచ్చి కలిసే హద్దు 0.3 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలమానం) మధ్య ఉంటుంది. బాగా వేడెక్కిన ఇంజిన్ స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా, తిరుగుతున్నప్పుడు చాలా కార్లలో 1 బార్ దరిదాపుల్లో ప్రెషర్ ఉండాలి. అంటే లైటు మిణుకుమనే సమయానికి ఉండాల్సిన దాంట్లో సగమో, అంతకంటే తక్కువో మాత్రమే ఉందన్నమాట. 0.6 బార్ ఉంటే లైటు వెలగదు. కానీ ఆ 0.6 చాలా ఇంజిన్లకు చాలదు. స్విచ్చి మీకు చెబుతున్నది చిట్టచివరి హద్దు గురించి మాత్రమే.

పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు, తిరిగేది బాల్ బేరింగుల మీద కాదు. మెత్తటి లోహపు పూత ఉన్న బేరింగు షెల్స్ మధ్య, మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉండే సందులో, ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర నిలిచినంతకాలం ఇనుము ఇనుముకు తగలదు, లక్షల కిలోమీటర్లు తిరిగినా ఏమీ కాదు. పొర తెగిందా, షెల్ గీసుకుపోతుంది. గీసుకుపోయిన కొద్దీ సందు పెరుగుతుంది, సందు పెరిగిన కొద్దీ ప్రెషర్ ఇంకా పడుతుంది. అక్కడ మొదలైన నష్టం దానంతట అది ఆగదు. ఈ ఒక్క కారణంగానే నేను ఈ లైటు విషయంలో అంత పట్టుబడతాను. పసుపు రంగు ఇంజిన్ లైటుతో నాలుగు రోజులు నడిపినా చాలాసార్లు గండం గడిచిపోతుంది. ఎర్రటి ఆయిల్ లైటుతో అలా కాదు.

ఇక మీ ముగ్గురు మెకానిక్‌ల మాట. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. స్విచ్చి పాడవడం చాలా మామూలు. ఆయిల్ పలచబడి ఉండవచ్చు. బేరింగులు అరిగి ఉండవచ్చు కూడా. నాకు బాధ కలిగించింది వేరే విషయం. ముగ్గురిలో ఒక్కరైనా గేజి పెట్టి ప్రెషర్ కొలిచినట్టు మీరు రాయలేదు. కొలవకుండా చెప్పిన మూడు మాటలూ ఊహలే. వాటిలో ఒక ఊహ చిన్న ఖర్చుతో పోతుంది, ఇంకోటి ఇంజిన్ మొత్తం ఊడదీయిస్తుంది. ఈ రెండింటి మధ్య తేల్చగలిగేది ఒక్క గేజి. మంచి వర్క్‌షాపులో అది అరగంట, గంట పని.

ఆ పనికి ముందు ఇంట్లో మీరే చూసుకోగలిగినవి ఉన్నాయి. ఆయిల్ సరిపడా ఉందన్నారు. ఎలా చూశారో మరోసారి సరిచూసుకోండి. బండి చదునైన చోట ఉండాలి, ఇంజిన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగాలి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దించి మళ్లీ తీసి చదవాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే గీతను నమ్మకండి. మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. పై గుర్తును దాటిపోయినా మంచిది కాదు. క్రాంక్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగలో ఉన్న గాలిని పంపు పీల్చుకుంటే ప్రెషర్ నిలవదు.

మట్టంతో పాటు వాసన కూడా చూడండి. డిప్‌స్టిక్ చివర పెట్రోల్ వాసన గట్టిగా వస్తోందా? మీరు పోయకుండానే మట్టం పెరిగిందా? అయితే కాలని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతోంది. రోజూ ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలు చేసే బండ్లలో, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఏదో ఒకటి కారే బండ్లలో ఇది జరుగుతుంది. అలాంటి ఆయిల్ వేడికి నీళ్లలా పలచబడుతుంది. అప్పుడు ఆయిల్ మార్చడం సగం పనే, పెట్రోల్ ఎందుకు దిగుతోందో కూడా చూడాలి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ కలుస్తోందేమోనన్న అనుమానం. ఆ బండిని ఇక స్టార్ట్ చేయకూడదు.

చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు పోశారు అన్నది బిల్లులో చూడండి. కారుతో వచ్చిన పుస్తకంలో 5డబ్ల్యూ–30 అని ఉండి మీకు 0డబ్ల్యూ–20 పోసి ఉంటే వేడిలో మిణుకుమనడానికి అదొక్కటే చాలు. రెండో అంకె వేడెక్కిన ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, మీ ఇబ్బంది వస్తున్నది సరిగ్గా ఆ వేడిలోనే.

చాలామంది మర్చిపోయే విషయాలు ఇంకో రెండు. ఒకటి, స్లోలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది? పంపును తిప్పేది ఇంజినే కాబట్టి, 750 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీకి మురికి పట్టడం వల్ల 600కు పడిపోతే ప్రెషర్ కూడా దాంతో పాటే పడుతుంది. రెండు, ఇంజిన్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతోందా? ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాను సరిగ్గా తిరగకపోతే ఆయిల్ కూడా అతిగా వేడెక్కి పలచబడుతుంది. టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోందో గమనించి మెకానిక్‌కి చెప్పండి.

ఇప్పుడు మీ బండి చూపిస్తున్న లక్షణాన్నే తీసుకుందాం. చల్లగా ఉంటే రాదు, వేడిలో స్లోలోనే వస్తుంది, వేగం పెంచితే పోతుంది. పంపు స్వయంగా ప్రెషర్ పుట్టించదు, ఆయిల్‌ను తోస్తుంది అంతే. ఆ ఆయిల్ బయటికి పోయే సందులు ఇరుకుగా ఉండటం వల్ల ప్రెషర్ నిలబడుతుంది. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్లు దూరంగా చిమ్ముతాయి, వేలు తీసేస్తే అవే నీళ్లు కాళ్ల దగ్గరే పడతాయి. ఇంజిన్‌లో ఆ వేలి పని చేసేది బేరింగుల ఇరుకు సందు. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు సందు కాస్త పెరిగినా నెమ్మదిగానే జారుతుంది కాబట్టి ప్రెషర్ నిలుస్తుంది. వేడెక్కి పలచబడితే తొందరగా జారిపోతుంది. వేగం పెరిగితే పంపు ఎక్కువ తోస్తుంది కాబట్టి మళ్లీ నిలుస్తుంది. అందుకే మీ లక్షణానికి కారణాలు ఈ నాలుగైదింటిలోనే ఉంటాయి: ఆయిల్ పలచబడటం, ఇంజిన్ మరీ నెమ్మదిగా తిరగడం, పంపు అరగడం, బేరింగులు అరగడం, లేదా స్విచ్చిలో స్ప్రింగు బలహీనపడి ముందే కలిసిపోవడం.

వేరే లక్షణాలతో ఇబ్బంది పడుతున్నవాళ్లూ ఇది చదువుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మలుపు తిరిగినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే లైటు మెరిస్తే ముందు ఆయిల్ తక్కువైందేమో చూడాలి. ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు గొట్టం గాలి పీలుస్తుంది. మీకు జరిగేదానికి వ్యతిరేకంగా, స్లోలో బాగుండి వేగంగా నడిపినప్పుడు వస్తే చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున, పంపుకు వెళ్లే ఆయిల్‌ను వడకట్టే స్ట్రెయినర్ జాలీ మూసుకుపోయిందని అనుమానించాలి. ఆయిల్ మార్చిన వెంటనే వస్తే పాత ఫిల్టర్ రబ్బరు వాషర్ ఇంజిన్‌కి అతుక్కుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించారేమో చూడాలి. అలాంటప్పుడు ఆయిల్ నిమిషాల్లో బయటికి కారిపోతుంది.

సెన్సర్ అన్న మెకానిక్ మాటను ఇలా పరీక్షించవచ్చు. స్విచ్చికి ఉన్న వైరు కనెక్టర్ ఊడదీసి చూడమనండి. లోపల ఆయిల్ తడి కనిపిస్తే పొర చిరిగింది, స్విచ్చి మార్చాల్సిందే. ఒకే వైరు ఉన్న పాత పద్ధతి స్విచ్చి అయితే, వైరు తీసి తాళం తిప్పితే లైటు వెలగకూడదు. అయినా వెలుగుతోందంటే వైరు ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతోంది. కొత్త కార్లలో లైటును నడిపేది ఇంజిన్ కంప్యూటర్ కాబట్టి ఈ పరీక్ష అన్నిటికీ పనికిరాదు. వాటిలో స్కానర్ పెడితే కోడ్ దొరకవచ్చు. పీ0520 నుంచి పీ0523 వరకు ఉన్నవి సెన్సర్, దాని వైరింగు, అది చూపే రీడింగుకు సంబంధించినవి, పీ0524 అంటే ప్రెషర్ నిజంగానే తక్కువైందని కంప్యూటర్ అనుకుంటోందన్న మాట. కోడ్‌ను కూడా తీర్పుగా తీసుకోవద్దు, అది కూడా అదే సెన్సర్ చెప్పిన మాటే కదా.

కొలత అలా కాదు. స్విచ్చిని విప్పి, అదే రంధ్రంలో తగిన మరతో మెకానికల్ గేజి బిగిస్తారు. ముందు చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చదవాలి. తర్వాత రేడియేటర్ ఫ్యాను తిరిగి ఆగేదాకా ఇంజిన్‌ను వేడెక్కనివ్వాలి. ఇక్కడ తొందరపడే మెకానిక్‌ని ఆపండి. మీ ఇబ్బంది వేడిలోనే వస్తోంది కాబట్టి చల్లటి ఇంజిన్ మీద తీసిన రీడింగు ఎంత బాగున్నా మీకు పనికిరాదు. కూలెంట్ కంటే ఆయిల్ ఆలస్యంగా వేడెక్కుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. వేడి మీద స్లోలో ఒకసారి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, 3000 దగ్గర ఒకసారి చదివి కాగితం మీద రాయించండి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్ ఉండాలన్నది మెకానిక్‌లు చెప్పుకునే పాత లెక్క. అది ఒక అంచనా మాత్రమే. ప్రెషర్‌ను కావాలనే తగ్గించి పెట్టే వేరియబుల్ పంపులు ఇప్పటి ఇంజిన్లలో చాలా ఉన్నాయి, కాబట్టి మీ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న అంకెతోనే పోల్చాలి.

రీడింగులు అన్నీ మాన్యువల్ చెప్పినట్టే ఉంటే మొదటి మెకానిక్ చెప్పింది నిజం. స్విచ్చి మార్చి, కనెక్టర్ శుభ్రం చేయిస్తే పని అయిపోతుంది. కానీ కొలవకుండా స్విచ్చి ఒక్కటే మార్చడాన్ని నేను ఒప్పుకోను. కొత్త స్విచ్చి హద్దు పాతదానికంటే కాస్త కింద ఉంటే లైటు మాయమవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. తర్వాత మీకు తెలిసేది ఇంజిన్ కొట్టుకునే శబ్దంతోనే.

వేడి మీద స్లోలో మాత్రమే తక్కువ చూపించి, వేగం పెంచినప్పుడు సరిపోతే ముందు ఆయిల్‌తో మొదలుపెట్టండి. పుస్తకంలో చెప్పిన గ్రేడు, మంచి ఫిల్టర్ వేయించి మళ్లీ కొలిపించండి. తీసేసిన పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. దాని డబ్బా కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి ఎండలో చూడమనండి. రాగి రంగులోనో వెండి రంగులోనో మెరిసే పొడి కనిపిస్తే బేరింగులు పోతున్నాయి. నల్లటి ముద్ద, సిలికాన్ ముక్కలు, రబ్బరు పీచు కనిపిస్తే స్ట్రెయినర్ కూడా వాటితోనే నిండి ఉంటుంది. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే కొన్ని ఇంజిన్లలో, బెల్టు నుంచి రాలిన రబ్బరే స్ట్రెయినర్‌ను మూసేస్తుంది. మీ ఇంజిన్ అలాంటిదైతే మెకానిక్‌కి ముందే చెప్పండి, ఆయన వెతికే చోటే మారిపోతుంది.

ఆయిల్ మార్చాక కూడా రీడింగు లేవకపోతే చాంబర్ దించాలి. ఇది ఇంజిన్ విప్పడం కాదు, చాలా కార్లలో కింద నుంచి చేసే పని. ఇక్కడ చూడాల్సినవి స్ట్రెయినర్ జాలీ, దాని గొట్టం పంపుకు కలిసే చోట ఉండే రబ్బరు ఓ–రింగు, పంపు లోపలి అరుగుదల, ప్రెషర్ మరీ పెరగకుండా ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు. ఆ చిన్న ఓ–రింగు గట్టిపడి పగిలితే పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది. ఎవరూ దాన్ని అనుమానించరు, అందుకే పంపు మార్చినా లైటు పోని బండ్లు కనిపిస్తుంటాయి. రిలీఫ్ వాల్వు చిన్న మురికికి తెరుచుకుని ఇరుక్కుపోతే వేగం పెంచినా ప్రెషర్ లేవదు. అన్ని వేగాల్లోనూ రీడింగు తక్కువగా ఉన్నప్పుడు ముందు చూడాల్సింది దాన్ని, పంపును.

చాంబర్ దించినప్పుడే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఒకటి రెండు విప్పి బేరింగు షెల్స్ చూడమని అడగండి. చాలా ఇంజిన్లలో దానికి ఇంజిన్‌ను కిందికి దించనక్కర్లేదు. పై పూత పోయి రాగి కనిపిస్తుంటే మూడో మెకానిక్ మాట నిజమని ఒప్పుకోవాల్సిందే. అప్పుడు కూడా క్రాంక్ గీతలు పడలేదని కొలతల్లో తేలితే షెల్స్ మార్చి బయటపడే అవకాశం ఉంది. క్రాంక్ కూడా పోయాకే పని పెద్దదవుతుంది. మిణుకుమనే దశలోనే మీరు రాసినందుకు నాకు సంతోషంగా ఉంది, ఈ అవకాశం ఇంకా ఉండవచ్చు కాబట్టి.

చిక్కటి ఆయిల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పుస్తకంలోనే రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే, వాటిలో చిక్కటిది ఎంచుకోవడంలో తప్పు లేదు. ఆ పరిధి దాటి 20డబ్ల్యూ–50 లాంటిది పోయడం లైటును దాచడమే. వేడిలో ప్రెషర్ లేస్తుంది, కానీ ఉదయం స్టార్ట్ చేసినప్పుడు అదే ఆయిల్ పైకి, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు దాకా చేరడానికి ఆలస్యమవుతుంది, సన్నటి దారులున్న వాల్వు టైమింగ్ భాగాలు సరిగ్గా పనిచేయవు. బేరింగు అరుగుదల మాత్రం ఎప్పటిలాగే సాగుతుంది. ప్రెషర్ పెంచుతామని సీసాల్లో అమ్మే మందులూ అంతే. లోపలి మురికిని కడిగే ఇంజిన్ ఫ్లష్ విషయంలో ఇంకా జాగ్రత్త. లోపల మురికి బాగా పేరుకున్న ఇంజిన్‌లో అది పోస్తే, ఊడిన ముద్దలన్నీ తిన్నగా స్ట్రెయినర్‌కే చేరతాయి.

వర్క్‌షాపుకు ఎలా తీసుకెళ్లాలి? మెకానిక్‌నే గేజితో ఇంటికి పిలిపించగలిగితే అంతకంటే మంచిది లేదు. కుదరకపోతే బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపండి. ఆ ఖర్చు అనవసరం అనిపిస్తుందని తెలుసు, అయినా అదే చేయమంటాను.

ఈలోగా ఎప్పుడైనా దారిలో లైటు మిణుకుమనకుండా నిలకడగా వెలిగితే, లేదా ఇంజిన్ నుంచి టకటకమనే శబ్దం వస్తే, తర్వాతి మలుపు దాకా అని కూడా ఆలోచించకండి. పక్కకు తీసి, బండి పూర్తిగా ఆగాక ఇంజిన్ ఆపేయండి. కదులుతుండగా తాళం తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది. ఇంజిన్ దానంతట అదే ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఒకటి రెండు తొక్కుళ్ల వరకే సాయం మిగులుతుంది, కాబట్టి బ్రేకు పదే పదే వదిలి తొక్కకుండా ఒకేసారి గట్టిగా తొక్కి ఆపండి. ఆగాక ఆయిల్ మట్టం, కింద కారుతోందా అన్నది చూడండి. మట్టం బాగుండి కూడా లైటు వెలిగితే, ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం అనుకోవద్దు.

కొలత అయ్యాక నాకు మళ్లీ రాయండి. కారు మోడల్, సంవత్సరం, ఇంజిన్ సైజు, పోసిన ఆయిల్ గ్రేడు, చల్లగా ఉన్నప్పటి రీడింగు, వేడి మీద స్లోలో, 2000 దగ్గర, 3000 దగ్గర ఎంతెంత వచ్చిందో, ఫిల్టర్ కోసినప్పుడు ఏం కనిపించిందో రాస్తే, చాంబర్ దించాలా వద్దా అన్నది కలిసి తేల్చుకుందాం.